మీదికి కాదు, దగ్గరికి

కిందటి వారం నేను ఆపింది నార తీసే అబకా తోటలో, తడిమట్టిలోంచి ఒక ఈకని పైకి లాగిన దగ్గర. మూరెడు ఈక. ఈక వెంట రెక్క వచ్చింది, రెక్క వెంట వీపు, వీపు మీద మేం కట్టిన జాడ తెలిపే పెట్టె. ఆ పెట్టె ఇంకా పని చేస్తూనే ఉంది. పక్షే లేదు. దాని పేరు అమిహాన్. నేను పెంచిన గద్ద.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళకి ఇంకో రెండు ముక్కలు. నా పేరు తెయోదులో, అందరికీ దులోయ్‌ని. మిందనావో దీవి కొండల్లో గద్దల్ని పెంచే కేంద్రంలో ఇరవయ్యారేళ్ళ నుంచి కాపరిని. ఒకప్పుడు కోతుల్ని ఎత్తుకుపోయి దర్జాగా బతికిన గద్దలివి. ఇప్పుడు మేం గుడ్డు పొదిగించి, మేం తినిపించి, మేం ఎగరేసి, ఎగిరినదాని వెనక మేమే కాపలా తిరిగితే తప్ప వీటికి బతుకు లేదు. వాటి అడవి కొట్టేసిందీ మనుషులమే, ఇప్పుడు వాటికి అమ్మానాన్నలమంటున్నదీ మనుషులమే. సిగ్గు లేకపోతే సరి. అమిహాన్‌ని ఎనిమిది నెలల కిందట ఈ సితియోకి, అంటే కొండపల్లెకి, పైనున్న అడవిలో వదిలాం. ఈక దొరికిన ఆ మధ్యాహ్నం మట్టిలోంచి తవ్వి తీశాం. సాయంత్రానికల్లా రుపెర్తో లిందహాయ్ అనే రైతు తనంతట తానే వచ్చి, "నేనే కాల్చాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఊరి హాల్లో పంచాయితీ పెట్టారు.

సితియోలో అందరూ కూచునే చోటు అదొక్కటే. పైన రేకులు, చుట్టూ వెదురు తడక. వాన పడుతోంది. దాతు సలుమాయ్ ఎర్ర తలగుడ్డ చుట్టుకుని బల్ల చివర కూచున్నాడు. ఊరిపెద్ద అంటే ఆయనే, ఆయన మాట దాటి ఇక్కడ కోడి కూడా కూయదు. కింద పట్నం నుంచి వచ్చిన పోలీసు కార్పొరల్ కాగితాలు తడవకుండా చొక్కా కింద దాచుకుని కూచున్నాడు. మా కేంద్రం పెద్ద, పశువుల డాక్టరు కొర్నేలియా అబెల్యా, మేమంతా డోక్ అంటాం, ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా ఫైలు తిరగేస్తోంది. ఎవరో మొక్కజొన్న కాఫీ తెచ్చి మా చేతుల్లో పెట్టారు. నేను తాగకుండా చేతిలోనే పట్టుకున్నాను.

రుపెర్తో మా ఎదురుగా బెంచీ మీద ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కాళ్ళకి చెప్పుల్లేవు, గోళ్ళ నిండా మట్టి. నా పిల్లని పూడ్చిన మట్టి అదేనేమో అనుకున్నాను. వాణ్ణి చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. పంచాయితీ లేకపోతే అక్కడికక్కడే పీక పిసికేసేవాణ్ణి. అతని తల్లి అపో తినాంగ్, అపో అంటే ఇక్కడ అవ్వ, తడకకి ఆనుకుని చాప మీద కూచుంది. రెండు కళ్ళకీ పొరలు కమ్మేశాయి. ఎవరు మాట్లాడితే అటు చెవి తిప్పుతోంది.

"మొదటినుంచి చెప్పు," అన్నాడు కార్పొరల్.

"మా పెరట్లోకొచ్చింది సార్. మా అమ్మ మీదికొచ్చింది. నేను కాల్చాను. అంతే."

"పెరట్లోకా?" డోక్ ఫైలు మూసేసింది. "చూడు రుపెర్తో. నేను ఈ పని మొదలుపెట్టి పందొమ్మిదేళ్ళయింది. మేం వదిలిన గద్ద మనిషి ఉన్న చోటికి రాదు. మనిషిని చూస్తే ఆమడ దూరం పోతుంది. అలా పెంచుతాం మేం."

"వచ్చింది డోక్. నన్నేం చెయ్యమంటారు, వచ్చింది."

"అడవిలోకెళ్ళి, చెట్టు కింద పొంచి ఉండి, కాల్చావు. కూర వండుకుందామనుకున్నావు. వీపు మీద పెట్టె చూసి భయపడి పూడ్చేశావు. అవునా?"

"కూరేంటి డోక్! దాన్ని ఎవరు తింటారు? దాన్ని దాతు మా కొండకి చుట్టం చేశాడు కదా, నాకు తెలీదా?"

వెనక నుంచి ఎవరో, "చుట్టాన్నే కాల్చావు మరి, మహానుభావా!" అన్నారు. నలుగురు నవ్వారు. దాతు తల ఎత్తేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

కార్పొరల్ మంచివాడే, పాపం. విడమరిచి చెప్పాడు. "ఇదిగో రుపెర్తో, నీకోసం చెప్తున్నా, విను. పెరట్లో మీ అమ్మ మీదికొస్తే కాపాడుకోడానికి కాల్చావనుకో, అదొక రకం కేసు. జడ్జి కాస్త ఆలోచిస్తాడు. అడవిలో పొంచి కాల్చావనుకో, అది ఇంకోటి. పన్నెండేళ్ళు లోపలుంటావు. నీకు సాక్షి ఉన్నారా?"

"మా అమ్మే ఉంది కదా సార్. ఆవిడ మీదికే కదా వచ్చింది."

అప్పుడు చాప మీంచి ముసలావిడ గొంతు వినపడింది.

"మీదికి కాదు."

అందరూ అటు తిరిగారు.

"అమ్మా, ఊరుకో," అన్నాడు రుపెర్తో.

"ఎందుకూరుకుంటాను? నువ్వు దూరం నుంచి చూశావు. నేను దాని పక్కనే ఉన్నాను. అది నా మీదికి రాలేదు. నా దగ్గరికొచ్చింది."

"అమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటాను. నోరు ముయ్యి!"

"ముయ్యను. చచ్చినదాని మీద అబద్ధం చెప్తే మన కడుపుకి తగులుతుంది." ఆవిడ దాతు వైపని తోచిన వైపు మొహం తిప్పింది, కొంచెం పక్కకే తిప్పింది. "నేను పొద్దున కోళ్ళకి మేత వేస్తున్నాను దాతూ. పిలుస్తున్నాను. పైనుంచి పెద్ద గాలి కొట్టింది. కోళ్ళన్నీ అరుచుకుంటూ పరుగెత్తాయి. నా ఎదురుగా ఏదో దిగింది. నా నడుం ఎత్తుంది. నాకు చూపు ఆనదు కదా, నల్లగా ఒక ఆకారం. గోళ్ళు విప్పలేదు, రెక్క కొట్టలేదు. చంటిదానిలాగా సన్నగా కూసింది. తల కిందికి వంచి, నోరు తెరిచింది. ఆకలేసినప్పుడు పిల్లలు తెరుస్తాయే, అలాగ. నేను గింజలున్న చెయ్యి చాపాను కూడా. అంతలో పేలింది."

కార్పొరల్ కలం కింద పెట్టేశాడు. "అయిపోయింది. సొంత తల్లే చెప్పింది, మీదికి రాలేదని. ఇంక కాపాడుకోడం ఎక్కడిది?"

రుపెర్తో తల పట్టుకున్నాడు. తల్లి మీద కోప్పడను కూడా లేదు. కోప్పడితే నాకు కాస్త బాగుండేది.

"నోరు తెరవడమేంటమ్మా," డోక్ గొంతు కొంచెం మెత్తబడింది. "మీకు కళ్ళు కనపడవు. మీ వాడు ఎక్కడో కాల్చి తెచ్చి పెరట్లో పడేస్తే మీకేం తెలుస్తుంది?"

"కళ్ళు లేవుగానీ మతి ఉందమ్మా డోక్టోరా."

"ఏమని పిలిచారేంటి అపో, గద్ద దిగొచ్చేలాగ?" అన్నాడు కార్పొరల్, వాతావరణం తేలిక చేద్దామని. "మాకూ చెప్పండి, పైవాళ్ళ ముందు పిలిచి చూపిస్తాం."

ముసలావిడకి వేళాకోళం అర్థం కాలేదు. నిజంగానే అడిగాడనుకుంది. పెదాలు తడుపుకుని పిలిచింది.

"కుర్ర్ర్... కురుక్, కురుక్, కురుక్."

జనం నవ్వారు. కోళ్ళని పిలిచే ఆ కూత వినపడని పెరడు ఈ దీవిలో ఉండదు. మా అమ్మ అలాగే పిలిచేది, మా ఆవిడ సియోన్ ఆ పొద్దున కూడా అలాగే పిలిచి ఉంటుంది. నవ్వని వాణ్ణి నేనొక్కణ్ణే. చేతిలో కాఫీ ప్యాంటు మీద ఒలికింది, కాలింది, అయినా కదల్లేకపోయాను.

ఇది ఎవరికీ చెప్పలేదు నేను. మూడేళ్ళ నుంచి చెప్పలేదు. ఇక్కడ మీకు కూడా ఇన్ని వారాలు దాచాను, తిట్టుకోండి.

అడవికి పంపాల్సిన పిల్లకి మనిషి కనపడకూడదు, మనిషి మాట వినపడకూడదు. అది మా మొదటి నియమం. గోడకున్న కంతలోంచి, చేతికి గద్ద తల బొమ్మ తొడుక్కుని మాంసం ముక్క అందిస్తాం. దగ్గు వచ్చినా బయటికెళ్ళి దగ్గుతాం. అమిహాన్ గుడ్డులోంచి బయటపడిన ఇరవై మూడో రోజున తుఫాను వచ్చింది. కరెంటు పోయింది, జెనరేటరులో నీళ్ళు పోయాయి, దారిలో కొండచరియ విరిగిపడి నేనొక్కణ్ణే కేంద్రంలో ఉండిపోయాను. వెచ్చగా ఉండాల్సిన పెట్టె మంచుగడ్డ అయిపోయింది. పిల్ల వాలిపోయింది. మెడ నిలబడటంలేదు. నియమమా, పిల్లా? చొక్కా విప్పి, పిల్లని రొమ్ముకి ఆనించుకుని, పైనుంచి దుప్పటి కప్పుకుని మూడు రోజులు కూచున్నాను. ముక్క పెడితే నోరు తెరవదు. బొమ్మతో పెట్టాను, తెరవదు. వేలితో పెట్టాను, తెరవదు. అప్పుడు నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. కురుక్, కురుక్. పిల్ల నోరు తెరిచింది.

కరెంటు వచ్చింది, దారి తెరుచుకుంది, అందరూ వచ్చారు. పిల్ల మళ్ళీ గోడవతలికి వెళ్ళింది. కానీ ఆ కూత వినపడితేగానీ అది ముక్క అందుకోదు. కంతకి నోరు ఆనించి, గాలంత సన్నగా, ఇంకో ఆరు వారాలు కూశాను. ఇంకేదైనా కూయొచ్చు కదా! ఈల వెయ్యొచ్చు, నాలుక చప్పుడు చెయ్యొచ్చు. లేదు. ఈ దీవిలో ప్రతి ముసలమ్మా ప్రతి పొద్దునా పెరట్లో నిలబడి అరిచే అరుపే నేర్పాను దానికి. తిండి ఇక్కడుంది రమ్మని ప్రతి ఇల్లూ పిలుస్తున్నట్టు చేసి పంపాను. అయినా మూడేళ్ళలో మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఎవరిని మోసం చేద్దామని? నా మొహం!

"నోంగ్ దులోయ్," డోక్ పిలుస్తోంది. నోంగ్ అంటే మా దగ్గర అన్న. "మీరు చెప్పండి. దాన్ని పెంచింది మీరే. గుడ్డులోంచి వచ్చినప్పటినుంచి వదిలేరోజు దాకా అది మనిషి గొంతు విన్నదా?"

అందరూ నావైపు చూస్తున్నారు. రుపెర్తో కూడా. పొద్దున్నుంచీ నేను పీక పిసుకుదామనుకున్న మనిషి. వాడు నిజం చెప్పాడు. వాడి తల్లి అంతకంటే నిజం చెప్పింది, చెప్పి కొడుకుని జైలుకి పంపుతోంది. ఆ ఇద్దరి మాటా నిలబడాలంటే నేను ఒక్క మాట చెప్తే చాలు.

"లేదు డోక్," అన్నాను. "వినలేదు."

ఎందుకన్నావురా అంటే, సెన్యొరా కోసం అన్నాను. కేంద్రంలో ఈ ఏడు గుడ్డు పెట్టగల ఆడగద్ద అదొక్కటే. మిగతా రెండూ ముసలివైపోయాయి. సెన్యొరా చిన్నప్పుడే మనుషుల చేతిలో పడి, మగగద్దని చూస్తే చంపడానికొస్తుంది. దాని లెక్కలో దాని మొగుణ్ణి నేను. పచ్చికొమ్మ నేను అందిస్తేనే గూడు కడుతుంది, నేను పక్కన నిలబడితేనే వీపు వంచుతుంది, అప్పుడే డోక్ దానికి మగగద్ద వీర్యం ఎక్కించగలిగేది. "నీ పెళ్ళాం ఏం చేస్తోంది, గూడు కట్టిందా?" అని సియోన్ దెప్పుతుంటుంది. నాకు కడుపులో పేగు కోసినప్పుడు రెండు నెలలు వెళ్ళలేదు. ఇంకో కాపరి లోపలికెళ్తే తల చీరేసింది. పదకొండు రోజులు తినలేదు. ఇప్పుడు నేను నిజం చెప్తే నన్ను ఆ గేటు దగ్గరికి కూడా రానివ్వరు, చట్టప్రకారం రానివ్వకూడదు కూడా. సెన్యొరా ఈ నెలాఖరుకి గుడ్డు పెట్టాలి.

కార్పొరల్ నా మాట కాగితం మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు. వేలిముద్రలకీ సంతకాలకీ కాస్త టైం పడుతుంది, కాఫీ తాగండి అన్నాడు. వాన తగ్గింది. నేను డోక్‌ని బయటికి రమ్మని సైగ చేశాను.

హాలు వెనక చూరు కింద నీళ్ళ పీపా ఉంది. దాని పక్కన నిలబడ్డాం. ఆవిడ సిగరెట్ వెలిగించుకుంది.

"డోక్, నేను అబద్ధం చెప్పాను."

ఆవిడ పొగ వదిలింది.

"తుఫానప్పుడు. మూడు రోజులు పిల్ల నా ఒంటి మీదే ఉంది. నేను కూశాను డోక్. ఆ ముసలావిడ కూసిన కూతే. తర్వాత కూడా ఆరు వారాలు కూశాను. అది ఆవిడ దగ్గరికి తిండికొచ్చింది. వాడు చెప్పింది నిజం. నాదే తప్పు, నేను లోపలికెళ్ళి చెప్పేస్తాను."

"నాకు తెలుసు."

"ఏంటి తెలుసు?"

"గదిలో కెమెరా బ్యాటరీ మీద నడుస్తుంది నోంగ్. కరెంటు పోతే ఆగదు. దారి తెరిచిన మర్నాడే రికార్డింగు చూశాను. దృశ్యం, మాట, అన్నీ బాగా పడ్డాయి." ఆవిడ నవ్వబోయింది, రాలేదు. "చొక్కా లేకుండా కూచుని పాట కూడా పాడారు."

మూడేళ్ళు నేను దొంగలాగా ఆవిడ ముందు తిరిగాను. ఆవిడకి మొదటి వారమే తెలుసు.

"తెలిసీ వదిలారా దాన్ని?"

"ఏం చెయ్యమంటారు? పిల్ల తింటోంది, బతికింది. ఎగిరే వయసొచ్చేసరికి రాజధాని నుంచి పెద్దవాళ్ళు వచ్చే తేదీ ఖాయమైపోయింది. కెమెరాలు, స్కూలు పిల్లలు, జెండాలు. ఈ పక్షి పనికిరాదు అంటే, వదలడానికి ఇంకో పక్షి లేదు. మూడేళ్ళుగా ఒక్కదాన్ని కూడా వదల్లేదు మనం. గుర్తుందా? మూసేద్దామంటున్నారు అప్పటికే."

"అందుకని?"

"అందుకని మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాను. మీరూ అదే కదా అనుకుంది?"

చెంప మీద కొట్టినట్టయింది. అవును, అదే అనుకున్నాను.

"డోక్, పన్నెండేళ్ళండీ. ఆ మనిషికి పన్నెండేళ్ళు."

"నేను లెక్కలు రానిదాన్ని కాదు." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళని చూస్తే నాకు జాలెయ్యలేదు, ఇంకా కోపం వచ్చింది. "ఇప్పుడు వెళ్ళి చెప్పండి, వద్దనను. మీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. పోనీయండి. కేంద్రం మూసేస్తారు. సెన్యొరా దగ్గరికి రేపట్నుంచి ఎవరెళ్తారు? ఎన్నాళ్ళు బతుకుతుంది? అడవిలో ఇంకెన్ని మిగిలాయో నాకంటే మీకే బాగా తెలుసు. రుపెర్తో ఒక్కడు. అటు చూస్తే ఒక జాతి. మీరే తూచుకోండి, నోంగ్."

"తూచడానికి నేనెవణ్ణి?"

"ఇన్నేళ్ళుగా మనం చేస్తున్నది అదే కదా," అని సిగరెట్ పీపాలో పడేసి లోపలికెళ్ళిపోయింది.

నేనూ వెళ్ళాను. సంతకం పెట్టాను. ఈ కథ మొదటి వారంలోనే చెప్పాను, నేను మంచివాణ్ణని మాత్రం చదవకండి అని. కార్పొరల్ వేలు పెట్టి చూపించిన చోట, తెయోదులో అని పూర్తిపేరు, గుండ్రటి అక్షరాలతో పెట్టాను.

రుపెర్తో చేతులకి సంకెళ్ళు వేశారు. వాడు నా పక్కనుంచి వెళ్తూ ఆగాడు. "నోంగ్, పొద్దున్నుంచీ నన్ను తిట్టని మనిషి మీరొక్కరే," అన్నాడు. "మీ పిల్లని కాల్చాను. తెలిసి కాల్చలేదు. మన్నించండి." నేను రేకుల కేసి చూస్తూ నిలబడ్డాను.

పోలీసు పని అయిపోయింది. దాతు పని మొదలైంది.

"కూచోండి," అన్నాడు దాతు, లేవబోతున్న వాళ్ళతో. "అది వాళ్ళ లెక్క. మన లెక్క మిగిలుంది. ఈ పిల్ల మన కొండెక్కిన రోజున నేను అడిగాను. పేరూ ఇల్లూ లేని ప్రాణాన్ని కొండ ఒప్పుకోదు, దీని తండ్రెవరు అని. ఎవరు లేచారు?"

నేనే లేచాను ఆ రోజున. అందరూ నవ్వుతుంటే నవ్వుతూ లేచి, "నేనే దాతూ," అన్నాను. నా మణికట్టుకి దారం కట్టాడు. ఫోటోకి బాగుంటుందని కెమెరావాళ్ళు మళ్ళీ కట్టించారు కూడా.

"ఆయన ఇంట్లో ఒక ప్రాణం తగ్గింది," అన్నాడు దాతు. "తీసినవాడి ఇంటినుంచి ఒక ప్రాణం వెళ్ళి ఆ లోటు నింపాలి. మా తాతల నాడు మనిషినే పంపేవారు. ఇప్పుడు పందిని ఇచ్చి సరిపెడుతున్నాం. లిందహాయ్ ఇంట్లో పంది లేదు. ఇచ్చేదాకా ఆ ఇంటికి నిప్పూ నీళ్ళూ ఎవరూ ఇవ్వకూడదు."

"వద్దు దాతూ," అన్నాను. "నాకేం వద్దు. నేను ఒదిలేశాను."

"ఒదలడానికి నువ్వెవరు? నువ్వు తీసుకోకపోతే పగ మిగిలినట్టే. పగ మిగిలితే మీ వాళ్ళెవరూ ఈ కొండెక్కరు, ఇంకో పక్షినీ ఇక్కడ వదలరు."

చాప మీంచి అపో తినాంగ్ తడకని పట్టుకుని లేచింది.

"నేనెళ్తాను," అంది. "పందెందుకు? మనిషినున్నాను కదా. ఇక్కడ నాకెవరున్నారు ఇంక? చేతులు పనిచేస్తాయి. వంట చేస్తాను, చాపలు అల్లుతాను. ఆయన ఇంట్లో తక్కువైన చోట నేనుంటాను."

డోక్ ఎగిరిపడింది. "ఇదేం న్యాయం దాతూ! ముసలావిణ్ణి బానిసలాగా..."

"బానిస కాదు డోక్. ఇంటి మనిషి. జైలు మీ న్యాయం, దాన్ని నేను ఆపానా? ఇది మాది."

ఎవరో ఏడుస్తున్నారు. ఎవరో ముసలావిడ పాదాలకి దండం పెట్టారు. ఎంత పుణ్యాత్మురాలో అన్నారు. దాతు నా చెయ్యి తీసుకుని ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ చెయ్యి ఎండిన పెండలం దుంపలాగా గట్టిగా ఉంది. కాదనే దారి నాకు లేదు, సంతకం పెట్టిన చేత్తోనే పట్టుకున్నాను.

మధ్యాహ్నానికి కొండ దిగాం. జీపు డోక్ నడుపుతోంది, నేను పక్కన. వెనక సీట్లో అపో తినాంగ్, ఒళ్ళో గుడ్డమూట. కాళ్ళ దగ్గర గోనెసంచిలో అమిహాన్. దాన్ని కోసి చూసి, రిపోర్టు రాసి, ఎక్కడో అద్దాల బీరువాలో పెడతారు. దారంతా గతుకులు. ముసలావిడ నిద్రపోయిందనుకున్నాను. సియోన్‌కి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఇంటికి ఒక ముసలమ్మని తెచ్చాను, ఎందుకని అడక్కు అనాలి. అడక్కుండా ఉంటుందా అది!

"డోక్టోరా," అంది వెనకనుంచి అపో తినాంగ్. గొంతు మెత్తగా ఉంది, పక్కింటావిణ్ణి ఉప్పు అడిగినట్టుంది. "ఆ రికార్డింగు అన్నారు చూడండి. అందులో ఈయన గొంతు బాగా వినపడుతుందా?"

జీపు ఒక్క కుదుపుతో ఆగింది. డోక్ చేతులు స్టీరింగ్ మీదే బిగుసుకుపోయాయి. నేను వెనక్కి తిరగలేకపోయాను.

"వెదురు తడక కదమ్మా," అంది ముసలావిడ. "మీరు నా వీపు వెనకే నిలబడ్డారు."

"అపో..." డోక్ అద్దంలోంచి ఆవిణ్ణి చూసింది. "మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరు నమ్ముతారు? పొద్దున ఒక నిజం చెప్పాను, నా కొడుకు చేతులకి ఇనుము పడింది. ఇంకో నిజం చెప్తే కళ్ళులేని ముసలిది కొడుకు కోసం కల్లలాడుతోందంటారు. నేను చెప్తే సరిపోదు. ఆయన చెప్పాలి. దాతు ముందు, ఆ కార్పొరల్ ముందు, ఆయన నోటితో ఆయనే చెప్పాలి. అందుకే వస్తున్నాను. మీ పెద్దపక్షి గుడ్డు పెట్టనీండి, నాకేం అడ్డం లేదు, పొదగనీండి. నేను అరవను, గొడవ చెయ్యను. ఆయన చెప్పేదాకా ఆయన ఇంట్లోనే ఉంటాను, ఆయన పెట్టిందే తింటాను."

వెనకనుంచి ఆ గట్టి చెయ్యి వచ్చి, తడుముకుని తడుముకుని, నా భుజం పట్టుకుంది.

"మన ఇల్లు ఇంకా ఎంత దూరం నాయనా?" అంది.